అంతరిక్ష యుద్ధాల సిరీస్: కొంత చదువుతూ, కొంత వింటూ పూర్తి చేయడం ఎలా?

“మూడు పుస్తకాలు విన్నాను. ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారో ఇప్పటికీ తెలియడం లేదు.” మాటలు మారొచ్చు గానీ, మిలిటరీ సైన్స్ ఫిక్షన్ గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ప్రశ్న ఇదే. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుందని వాళ్లే నవ్వుకుంటారు కూడా. నిజానికి వాళ్ల తప్పేమీ లేదు. ఈ నవలల్లో మొదటి యాభై పేజీలు దాటకముందే పేర్లు, హోదాలు, నౌకలు కుప్పలుగా వచ్చి పడతాయి. చదివేటప్పుడైతే కన్ను తనంతట తానే వెనక్కి వెళ్లి చూసుకుంటుంది. వినేటప్పుడు ఆ వీలు లేదు, గొంతు ముందుకు పోతూనే ఉంటుంది.

నేను పాటించే పద్ధతి చిన్నదే. సిరీస్‌లో మొదటి పుస్తకం కంటితో, తర్వాతవి చెవితో, పెద్ద యుద్ధం వచ్చినప్పుడు మళ్లీ కంటితో. దీన్ని ఎలా అమలు చేయాలో, ఎక్కడ బోల్తా పడతామో కింద రాస్తున్నాను.

కావలసినవి

- మొదటి పుస్తకం, అచ్చులో గానీ ఈ-బుక్‌గా గానీ. ఈ-బుక్‌లో పేరు వెతుక్కోవచ్చు కాబట్టి కొత్తవాళ్లకి అదే సుఖం.
- అదే పుస్తకం ఆడియో. దాని మీద “అన్‌అబ్రిడ్జ్‌డ్” (కుదించనిది) అని ఉండాలి.
- వేగం మార్చుకోవడం, 30 సెకన్లు వెనక్కి వెళ్లడం, బుక్‌మార్క్, స్లీప్ టైమర్ ఉన్న ఏదైనా ఆడియో యాప్.
- ఒక ఏ4 కాగితం, పెన్సిల్. ఫోన్‌లో నోట్స్ రాసుకుంటానంటారు చాలామంది. ఆ ఫోన్‌లోనే కథ నడుస్తుంటుంది, రెండు రోజుల్లో నోట్స్ మానేస్తారు.
- సమయం. ఆడియోలో గంటకు సుమారు 9,000 పదాలు చదువుతారు. అంటే లక్ష పదాల నవలకి 11 గంటలు. ఆ సైజు పుస్తకాలు ఆరున్న సిరీస్ అంటే 65 గంటల పైమాటే. ఈ లెక్క ముందే వేసుకోండి, రెండో వారంలో నీరసం రాదు.

1. మీకు తగిన సిరీస్ ఎంచుకోండి

అందరూ గొప్పదన్న పుస్తకంతోనే మొదలుపెట్టాలన్న రూలేమీ లేదు. మీరు ఎక్కువగా చదువుతారా, ఎక్కువగా వింటారా అన్నది చూసుకుని ఎంచుకోండి.

ఎక్కువగా వినేవాళ్లకి నేను మొదట చెప్పేది జాక్ క్యాంప్‌బెల్ రాసిన ‘ద లాస్ట్ ఫ్లీట్’. 2006లో ‘డాంట్‌లెస్’తో మొదలై 2010లో ‘విక్టోరియస్’తో ఆరు పుస్తకాల్లో ఒక కథ ముగుస్తుంది. రచయిత అమెరికన్ నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. కథానాయకుడు వందేళ్ల నిద్ర నుంచి లేస్తాడు, యుద్ధం ఇన్నాళ్లూ ఎలా నడిచిందో అతనికీ తెలియదు. ఎవరో ఒకరు అతనికి చెప్పాలి కదా, పనిలో పనిగా మనకీ తెలుస్తుంది. చెవితో వినేవాళ్లకి ఇది పెద్ద సాయం.

సంభాషణలు ఇష్టమైతే జాన్ స్కాల్జీ ‘ఓల్డ్ మ్యాన్స్ వార్’ (2005). 75 ఏళ్లు నిండినవాళ్లు సైన్యంలో చేరడం కథ. తేలిగ్గా సాగిపోతుంది.

ఆడియోలోనే బాగుండేవీ ఉన్నాయి. క్రెయిగ్ అలన్సన్ ‘ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్’ (మొదటిది ‘కొలంబస్ డే’, 2016) అలాంటిది. నేరేటర్ ఆర్. సి. బ్రే గొంతు లేకుండా ఆ హాస్యం సగం పోతుందని నా అభిప్రాయం. దీనికి మాత్రం “మొదటిది కంటితో” అన్న నా నియమాన్ని నేనే పక్కన పెడతాను.

ఒక్క పుస్తకంతో రుచి చూద్దామనుకుంటే జో హాల్డెమన్ ‘ద ఫరెవర్ వార్’ (1974). వియత్నాంలో గాయపడి వచ్చిన సైనికుడు రాసిన నవల. సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా రెండూ గెలుచుకుంది. ఇందులోని భాగాల పేర్లే ప్రైవేట్, సార్జెంట్, లెఫ్టినెంట్, మేజర్. హోదాల మెట్లు వాటంతట అవే నేర్చుకుంటారు.

డబ్బు ఖర్చు లేకుండా ఈ పద్ధతిని పరీక్షించాలంటే హెచ్. బీమ్ పైపర్ నవలలు ఉన్నాయి. ‘స్పేస్ వైకింగ్’, ‘అల్లర్ అప్‌రైజింగ్’ రెండూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో చదవడానికి, లిబ్రివాక్స్‌లో వినడానికి ఉచితంగా దొరుకుతాయి. 1952 నాటి ‘అల్లర్ అప్‌రైజింగ్’ మన 1857 తిరుగుబాటుని వేరే గ్రహం మీదికి ఎత్తుకెళ్లి రాసింది. కథంతా కంపెనీ వైపు నుంచే నడుస్తుంది. మీరు మాత్రం చాలాచోట్ల అవతలి వైపు నిలబడి చదువుతారు.

2. వరుస తేల్చుకోండి

సందేహం వస్తే అచ్చయిన వరుసే పట్టుకోండి. కథాకాలం ప్రకారం వెళ్తే, ముందు జరిగిన కథని చెబుతూ తర్వాత రాసిన పుస్తకం మొదట వస్తుంది. అది మీకు అన్నీ ముందే తెలుసనుకుని రాసింది. ‘లాస్ట్ ఫ్లీట్’కి పూర్వకథ అయిన ‘జెనెసిస్ ఫ్లీట్’ 2017లో మొదలైంది. దానితో ప్రారంభించకండి.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంతలు ఇవి:

‘ఫరెవర్ పీస్’ (1997) ‘ఫరెవర్ వార్’కి రెండో భాగం కాదు. పేరు చూసి నేను తెచ్చుకుని, పాత కథానాయకుడు ఎప్పుడొస్తాడా అని వంద పేజీలు ఎదురుచూశాను. రాడు. అసలు కొనసాగింపు 1999లో వచ్చిన ‘ఫరెవర్ ఫ్రీ’.

‘ఓల్డ్ మ్యాన్స్ వార్’ సిరీస్‌లో నాలుగోది ‘జోయీస్ టేల్’. మూడోదైన ‘ద లాస్ట్ కాలనీ’లోని సంఘటనలనే ఒక అమ్మాయి వైపు నుంచి మళ్లీ చెబుతుంది. విన్నదే వింటున్నామేమిటని యాప్‌ని అనుమానించకండి. అక్కడ నేరేటర్ కూడా మారతారు.

డేవిడ్ వెబర్ ‘ఆనర్ హారింగ్టన్’ సిరీస్ 1993లో ‘ఆన్ బసిలిస్క్ స్టేషన్’తో మొదలైంది. మొదటి పది పుస్తకాలు వరుసగా పోవచ్చు. పదకొండోది మొదలుపెట్టే ముందు పక్క సిరీస్‌లలోని ‘క్రౌన్ ఆఫ్ స్లేవ్స్’, ‘ద షాడో ఆఫ్ సగనామి’ పూర్తిచేయండి. లేకపోతే ఎక్కడినుంచో కొత్త మనుషులు దిగి, పాతవాళ్లలా మాట్లాడేస్తుంటారు.

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ ‘వోర్కోసిగన్’ నవలలు మాత్రం అచ్చయిన వరుసకి మినహాయింపు. వీటిని కథాకాలం ప్రకారం చదివినా హాయిగా ఉంటాయి. ‘షార్డ్స్ ఆఫ్ ఆనర్’ 1986లో, దాని వెంటనే జరిగే ‘బరయార్’ 1991లో వచ్చాయి. ఈ రెండూ కలిపి ‘కోర్డీలియాస్ ఆనర్’ పేరుతో ఒకే సంపుటిగా దొరుకుతాయి. సంపుటి తీసుకున్నాక విడి పుస్తకాలు మళ్లీ కొనకండి.

యాప్‌లో పేర్ల అక్షరక్రమం పెట్టుకోవద్దు. ‘లాస్ట్ ఫ్లీట్’ పేర్లు డాంట్‌లెస్, ఫియర్‌లెస్, కరేజియస్, వేలియంట్, రిలెంట్‌లెస్, విక్టోరియస్. అన్నీ ధైర్యం, పట్టుదల, గెలుపు చుట్టూ తిరిగే మాటలే. ఇంగ్లిష్ అక్షరక్రమంలో మూడోది మొదటికి ఎక్కి కూర్చుంటుంది. వరుస సంఖ్య కాగితం మీద రాసుకోండి.

3. పుస్తకం, ఆడియో ఒకటేనా అని చూడండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత “పేజీ దొరకడం లేదు” అంటారు. పరీక్ష ఐదు నిమిషాల పని. పుస్తకంలో మొదటి అధ్యాయం మొదటి వాక్యం, మధ్యలో ఏదో ఒక అధ్యాయం మొదటి వాక్యం, చివరి అధ్యాయం చివరి వాక్యం తీసుకుని ఆడియోలో వెతకండి. మూడూ కలిస్తే నిశ్చింతగా ఉండొచ్చు.

కలవకపోతే కారణం సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి. ఆడియో కుదించినది కావొచ్చు. లేదా పలువురు నటులు, పేలుళ్ల శబ్దాలతో చేసిన డ్రమటైజ్డ్ అడాప్టేషన్ కావొచ్చు. అది వినడానికి సరదాగానే ఉంటుంది గానీ వర్ణన చాలా ఎగిరిపోతుంది, పుస్తకంతో జతపడదు. మూడోది, పుస్తకానికే రెండు పాఠాలు ఉండటం. ‘ఫరెవర్ వార్’ మధ్యభాగాన్ని మొదట మార్చి ప్రచురించారు, 1997 ఎడిషన్‌లో రచయిత అసలు భాగాన్ని తిరిగి చేర్చారు. పాత ప్రతి చేతిలో పెట్టుకుని కొత్త పాఠం వింటే మధ్యలో కథ విడిపోతుంది.

అధ్యాయం నంబరు ఒకటి అటూ ఇటూ అయితే కంగారు వద్దు. చాలా ఆడియోల్లో పుస్తకం పేరు, నేరేటర్ పేరు చెప్పే ముక్కనే మొదటి అధ్యాయంగా లెక్కేస్తారు.

4. మొదటి మూడు అధ్యాయాలు పెన్సిల్ పట్టుకుని చదవండి

కాగితాన్ని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు మనుషులు: పేరు, హోదా, ఎవరి మాట వింటాడు. కుడివైపు నౌకలు లేదా దళాలు, ఒక్కోదానికి ఎవరు అధిపతి. అడుగున ఒకే ఒక్క వాక్యం: ఇప్పుడు వీళ్లకి ఏం కావాలి? గ్రహాన్ని పట్టుకోవాలా, ఇంటికి చేరాలా, సరుకు నౌకలని కాపాడాలా?

అందరి పేర్లూ రాయకండి. ఆజ్ఞ ఇచ్చేవాళ్లూ, ఆ ఆజ్ఞని ధిక్కరించేవాళ్లూ చాలు. కురుక్షేత్రం మనకెలా గుర్తుంది? పద్దెనిమిది అక్షౌహిణుల్లో ఎవరెక్కడ నిలబడ్డారో గుర్తుండి కాదు. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు ఐదు, కర్ణుడు రెండు, శల్యుడు ఆఖరి రోజు. సేనాపతి పేరు పట్టుకుంటే ఆ రోజు యుద్ధం దానంతట అదే గుర్తొస్తుంది. అంతరిక్షంలోనూ అదే చిట్కా పనిచేస్తుంది.

అర్థం కాని సాంకేతిక పదం వచ్చిందా? ఒక్కసారి డిక్షనరీ చూడండి. దొరక్కపోతే అది రచయిత పుట్టించిన మాటే అయి ఉంటుంది, వదిలేసి ముందుకెళ్లండి. రెండు అధ్యాయాల్లో సందర్భమే చెబుతుంది.

5. హోదాలు చెవికి ఎలా వినిపిస్తాయో ముందే తెలుసుకోండి

ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. మనం పత్రికల్లో ‘కల్నల్’ అని చదివిన హోదా ఆడియోలో ‘కర్నల్’ అని వినిపిస్తుంది. లెఫ్టినెంట్‌ని అమెరికన్ నేరేటర్ ‘లూటెనెంట్’ అంటే బ్రిటిష్ నేరేటర్ ‘లెఫ్టెనెంట్’ అంటారు. ఇద్దరు మనుషులని పొరబడకండి. రాతలో ‘కార్ప్స్’లా కనిపించే దళం పలుకులో ‘కోర్’. ఒకవేళ ఆడియోలో నిజంగా ‘కార్ప్స్’ అని వినిపిస్తే అక్కడ శవం పడి ఉందని అర్థం. రాతలో ‘బోట్‌స్వెయిన్’ అని కనిపించే నౌకా ఉద్యోగి నోట్లో ‘బోసన్’ అయిపోతాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ‘కెప్టెన్’. అమెరికన్, బ్రిటిష్ పద్ధతిలో నౌకాదళ కెప్టెన్ పెద్ద అధికారి, పదాతి దళంలో కల్నల్‌తో సమానం. పదాతి దళంలో కెప్టెన్ మాత్రం చిన్నవాడు, నౌకాదళ లెఫ్టినెంట్‌తో సమానం. పైగా నౌకని నడిపేవాళ్లని హోదా ఏదైనా మర్యాదగా ‘కెప్టెన్’ అనే పిలుస్తారు. నౌకలోకి పదాతి సైనికులు ఎక్కే సిరీస్‌లలో ఒకే గదిలో ముగ్గురు ముగ్గురు కెప్టెన్లు తేలతారు. కాగితం మీద పేరు పక్కన ‘నౌ’ లేదా ‘ప’ అని గుర్తు పెట్టుకోండి.

దళాల సైజులు సుమారుగా: స్క్వాడ్ అంటే పదిమంది, ప్లటూన్ 30–40, కంపెనీ వంద నుంచి రెండొందలు, బెటాలియన్ ఐదొందలు మొదలు వెయ్యి దాకా. “ప్లటూన్ పోయింది” అన్నప్పుడు ఎంతమంది పోయారో తెలియకపోతే ఆ వాక్యం బరువు తెలియదు.

6. ఇప్పుడు ఆడియోకి మారండి

మొదటి పుస్తకం అయ్యాక, లేదా ఓపిక తక్కువైతే దాని సగం అయ్యాక, ఆడియో పెట్టండి. మొదటి రెండు గంటలు మామూలు వేగంలోనే వినండి, నేరేటర్ ఎవరికి ఏ గొంతు పెడుతున్నారో పట్టుబడుతుంది. తర్వాత 1.2, 1.25. పదకొండు గంటల పుస్తకం 1.25 వేగంలో తొమ్మిది గంటల లోపే అయిపోతుంది. యుద్ధం మొదలవగానే మళ్లీ 1.0కి దించండి.

నడక, అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం లాంటి పనులు దీనికి బాగా కుదురుతాయి. మెయిల్ చదువుతూ వింటే రెండూ పోతాయి. డ్రైవింగ్‌లో వినేవాళ్లు బుక్‌మార్క్, వేగం, వెనక్కి వెళ్లడం లాంటివేవీ ముట్టుకోవద్దు. తప్పిపోయిన ముక్కని బండి ఆపాక వెతుక్కోవచ్చు.

రాత్రి పడుకుని వింటే స్లీప్ టైమర్ 15 నిమిషాలే పెట్టండి. నేనొకసారి టైమర్ లేకుండా నిద్రపోయి లేచేసరికి ఎవరిదో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరుగుతున్నాయి. అందరూ ఏడుస్తున్నారు. పోయిందెవరో తెలుసుకోవడానికి నాలుగు గంటల ఆడియో వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

7. యుద్ధ ఘట్టంలో పుస్తకం తెరవండి

అంతరిక్ష యుద్ధంలో అసలు తికమక కాంతి వేగం వల్ల వస్తుంది. కాంతి సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, నిమిషానికి 1.8 కోట్లు. శత్రువు పది కాంతి నిమిషాల దూరంలో ఉంటే తెర మీద కనిపించేది పది నిమిషాల కిందటి సంగతి. మీ ఆజ్ఞ అక్కడికి చేరడానికీ అంతే సమయం పడుతుంది. ‘లాస్ట్ ఫ్లీట్’ యుద్ధాలన్నీ ఈ ఆలస్యం మీదే నడుస్తాయి. చెవితో వింటే “ఇప్పుడే కదా తిరిగారు, మళ్లీ తిరిగారేంటి?” అనిపిస్తుంది. అదే సిరీస్‌లో ‘స్టార్‌బోర్డ్’ అంటే నక్షత్రం వైపు, ‘పోర్ట్’ అంటే నక్షత్రానికి దూరంగా. కుడి, ఎడమ అనుకుంటే బొమ్మ మొత్తం తారుమారు.

కాబట్టి యుద్ధం రాగానే ఆడియో ఆపి, ఆ అధ్యాయం పుస్తకంలో చదవండి. కాగితం వెనకవైపు మధ్యలో నక్షత్రం, రెండు బాణాలు గీస్తే చాలు, కళాఖండం అక్కర్లేదు. పుస్తకం దగ్గర లేకపోతే ఆ అధ్యాయాన్ని రెండుసార్లు వినండి: మొదటిసారి ఎవరు గెలిచారో తెలుసుకోవడానికి, రెండోసారి ఎలా గెలిచారో అర్థం చేసుకోవడానికి.

దీనికి వ్యతిరేకం కూడా ఒకటుంది. కొన్నిచోట్ల యుద్ధం మధ్యలో రచయితకి ఇంజిన్ల గురించి పాఠం చెప్పాలనిపిస్తుంది. ‘ఆన్ బసిలిస్క్ స్టేషన్’ చివర్లో ఒక నౌక ఇంకోదాన్ని తరుముతుంటే, ఊపిరి బిగబట్టి ఉన్న మనకి హైపర్‌స్పేస్ (కాంతిని మించిన వేగంతో వెళ్లే కల్పిత దారి) ప్రయాణాల చరిత్ర వినిపిస్తారు. అక్కడ పుస్తకంలో పేజీలు తిప్పేయండి, ఆడియోలో వేగం 1.5 చేయండి. కథకి నష్టం లేదు.

8. కంటి నుంచి చెవికి, చెవి నుంచి కంటికి

పేజీ నంబరు గుర్తుపెట్టుకోవడం వల్ల లాభం లేదు. ఆపిన చోటి సంఘటన, ఒక విశేషమైన పేరు గుర్తుపెట్టుకుని ఈ-బుక్‌లో వెతకండి. ఆడియోలో విన్నట్టు స్పెల్లింగ్ రాస్తే దొరక్కపోవచ్చు, అప్పుడు పక్కనున్న మామూలు మాటతో ప్రయత్నించండి. కిండిల్ (అమెజాన్ ఈ-బుక్), ఆడిబుల్ (అమెజాన్ ఆడియో) రెండింటిలోనూ పుస్తకం ఉంటే విస్పర్‌సింక్ అనే సదుపాయం ఆపిన చోటు తానే కలుపుతుంది. అది అన్ని పుస్తకాలకీ ఉండదు, కొనేముందు ఆ పేజీలో రాసి ఉందో లేదో చూడండి.

సరిగ్గా సాగుతోందని ఎలా తెలుసుకోవాలి?

ప్రతి రెండు గంటలకి ఆడియో ఆపి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పుడు ఆజ్ఞ ఎవరి చేతిలో ఉంది? వాళ్లకి ఏం కావాలి? కిందటిసారికీ ఇప్పటికీ ఏం పోగొట్టుకున్నారు? మూడూ చెప్పగలిగితే ముందుకెళ్లండి. రెండే తెలిస్తే పది నిమిషాలు వెనక్కి. ఒక్కటీ తెలియకపోతే ఆ అధ్యాయం మొదటికి. ఆయుధం పేరు, గ్రహం పేరు గుర్తులేకపోయినా పరీక్ష తప్పినట్టు కాదు.

వరుసగా మూడు రోజులు వెనక్కే వెళ్తుంటే వేగం ఎక్కువైందనో, ఆ నేరేటర్ మీ చెవికి పడలేదనో అర్థం. ముందు వేగం తగ్గించి చూడండి. అయినా లాభం లేకపోతే ఆ పుస్తకం పూర్తిగా కంటితోనే చదవండి. అందరు నేరేటర్లూ అందరికీ నచ్చరు.

మరికొన్ని పొరపాట్లు

సిరీస్ మొత్తం ఒకేసారి కొనేయడం. రెండు పుస్తకాలు అయ్యాక మిగతావి తెచ్చుకోండి.

నాలుగో పుస్తకం అట్ట వెనక రాసింది ముందే చదవడం. మూడోదాంట్లో ఎవరు చచ్చిపోయారో అక్కడే ఉంటుంది.

ఆడియోలో మాత్రమే ఉన్న భాగాన్ని వదిలేయడం. ‘ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్’లో ఏడో పుస్తకానికీ ఎనిమిదోదానికీ మధ్య ‘హోమ్‌ఫ్రంట్’ అనే ఆడియో నాటకం ఉంది. పుస్తకాలే చదువుకుంటూ పోతే అది మీ కంటపడదు.

మధ్యలో ఆరు నెలలు ఆగిపోతే? మొదటినుంచి మొదలుపెట్టకండి. చివరగా పూర్తిచేసిన పుస్తకంలో ఆఖరి రెండు అధ్యాయాలు కంటితో చదివి, కాగితం ఒకసారి చూసుకుని తర్వాతి పుస్తకం ఆడియో పెట్టండి. కాగితం కూడా పోయిందా? అయితే మొదటి పుస్తకం ఆడియోనే 1.5 వేగంలో మళ్లీ వినండి. తెలిసిన కథే కాబట్టి ఈసారికి ఆ వేగం ఫర్వాలేదు. వింటూ వింటూ కొత్త కాగితం రాసుకోండి.